ఇంటికి పంపని గడప

రాజనర్సు ఆ రోజు జిల్లా ఆసుపత్రికి వచ్చింది వైద్యం కోసం కాదు. అన్న కూతురు ఇందుమతికి పచ్చి మక్కకంకులు ఇచ్చి పోదామని. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్పై కిలోమీటర్లు బస్సులో నిలబడి వచ్చి, సంచి భుజాన వేసుకుని మూడో అంతస్తులో ఉన్న ఆమె ప్రయోగశాల దాకా మెట్లెక్కాడు. కుర్చీలో కూర్చుని గట్టిగా ఒకసారి తేన్చి, అరచేత్తో రొమ్ము రాసుకున్నాడు.

"ఏమైంది చిన్నబాపూ?"

"ఏం గాలే. నిన్న మల్లేశం బిడ్డ పెండ్లిల మటన్ జర ఎక్కువ తిన్న. పొద్దటి సంది మంట లేస్తున్నది."

ఇందుమతికి ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అప్పటి నుంచి ఆమెను పెంచి చదివించింది ఈ చిన్నబాపే. నాగులపేటలో బోరు మోటార్లకు రాగితీగ చుట్టే పని ఆయనది. ఆ తీగకు కోసుకుపోయిన చేతులు ఇప్పుడు రొమ్ము మీద తిరుగుతుంటే ఆమె చూస్తూ ఊరుకోలేకపోయింది.

"కిందికి పోదాం రా. ఒక్క పది నిమిషాలు గడప పట్టుకో."

"నాకెందుకే? సోడా తాగితె పోతది."

"నా తృప్తికి."

గడప ఆమె చేసిన యంత్రం. ముంజేతికి ఒక రబ్బరు పట్టీ, నోట్లో పెట్టుకుని ఊదడానికి ఒక గొట్టం. పది నిమిషాల్లో చెమటలోని ఉప్పునూ, ఊపిరిలోని వాయువులనూ, నాడి నడకలోని సన్నటి తేడాలనూ చదివి, ఈ మనిషిని ఇప్పుడు ఇంటికి పంపిస్తే మూడు రోజుల్లో ప్రాణం పోయే అవకాశం ఎంతో లెక్క కడుతుంది. ఆ లెక్క ఒక గీతకు కింద ఉంటే తెర మీద పచ్చగా "ఇంటికి" అని వస్తుంది. పైన ఉంటే ఎర్రగా "ఉంచండి" అని వస్తుంది.

రాజనర్సు గొట్టంలోకి ఊదుతూ చుట్టూ నిలబడ్డవాళ్ళను చూసి నవ్వాడు. తెర ఎర్రబడింది.

అత్యవసర విభాగంలో డ్యూటీలో ఉన్న డాక్టర్ ఫిరోజ్ తెర వైపు చూసి, అలవాటుగా పడకల జాబితా తెరిచాడు. ఇందుమతి అతని పక్కకు వెళ్ళి, బయటివాళ్ళకు కనిపించని లోపలి అంకె తెరిచి చూసింది. పదివేల మందిలో నలుగురు. అంటే మిగిలిన తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఆరు మంది ఇంటికి పోయి సోడా తాగి పడుకోవచ్చు. ఆ సంగతి ఆ ఆసుపత్రిలో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

*

ఆరేళ్ళ కిందట ఈ ఆసుపత్రిలో రోగులు మంచాల మధ్య చాపలు వేసుకుని పడుకునేవాళ్ళు. అప్పుడు ఇందుమతి, ఫిరోజ్ కలిసి వెయ్యి కేసు షీట్లు ముందేసుకుని చదివారు. నాలుగు వందల మందిని అసలు చేర్చుకోనక్కర లేదు. సర్కారు దవాఖానా కాబట్టి అందులో ఎవరికీ లాభం లేదు. డాక్టరు భయపడ్డాడు, ఉంచాడు. ఇంటివాళ్ళు భయపడ్డారు, ఉంచమన్నారు. జబ్బు పేరు రాయాల్సిన చోట "పరిశీలన కోసం" అని రాసి ఉంది. ఏ జబ్బూ లేకుండా వచ్చి అలా పడుకున్నవాళ్ళకు పక్క మంచం దగ్గు అంటుకుంది, సూది గుచ్చిన చోట చీము పట్టింది, ముసలివాళ్ళు మంచం దిగి నడవడం మరిచిపోయారు.

డాక్టరు భయాన్ని ఒక అంకె తగ్గిస్తుందని ఇందుమతి నమ్మింది. మొదటి ఏడాది అది నిజమే అయింది. చేరికలు సగానికి పడిపోయాయి. వార్డుల్లో నేల కనిపించింది. రాష్ట్రంలోని మిగతా జిల్లా ఆసుపత్రులన్నీ గడపను తెప్పించుకున్నాయి.

రెండో ఏడు రజిత వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, బీడీలు చుట్టే అమ్మాయి. తలనొప్పి. గడప పచ్చగా వెలిగింది. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అన్నం వండుతూ పడిపోయింది, మెదడులో నరం చిట్లి. యంత్రం అబద్ధం చెప్పలేదు. ఆ అమ్మాయికి వందలో ఒక వంతు ప్రమాదం ఉందనే చెప్పింది, అప్పటి గీత రెండు వంతుల దగ్గర ఉంది. కానీ వందలో ఒకరు అన్నప్పుడు ఆ ఒకరు ఎవరో ఒకరై ఉంటారు. రజితకు నాలుగేళ్ళ కూతురుంది. ఇద్దరు అన్నలున్నారు. ఆ అన్నలు వచ్చి సెలైన్ స్టాండుతో ఫిరోజ్ కుడిచెయ్యి విరగ్గొట్టారు.

"ఇంకోసారి ఇలా జరగకూడదు, ఇందుమతీ," అన్నారు సూపరింటెండెంట్ డాక్టర్ పద్మావతి. కోపంగా కూడా అనలేదు, అలసటగా అన్నారు.

ఇందుమతి ఆ సాయంత్రమే కూర్చుని యంత్రాన్ని మార్చింది. ఇంటికి పంపిన మనిషి పోతే అది నాలుగు వందల అనవసరపు చేరికలతో సమానమని దానికి చెప్పింది. ప్రతి రోగి ఫలితాన్నీ చూసి గీతను అదే జరుపుకునేలా చేసింది. యంత్రం బుద్ధిగా నేర్చుకోసాగింది. ఇంటికి పంపిన వాళ్ళలో ఎవరైనా పోతే గీత కిందికి జరిగేది. ఉంచినవాళ్ళు బతికి వెళితే, ఉంచాం కాబట్టి బతికారని రాసుకునేది. ఉంచినవాళ్ళు ఎన్నాళ్ళకు పోయినా, ఉంచడమే మంచిదైందని రాసుకునేది. ఉంచిన మనిషి విషయంలో దానికి తప్పు అనేదే లేకుండా పోయింది.

ఈ సంగతి ఇందుమతికి తట్టడానికి రెండేళ్ళు పట్టింది. మొదట చెప్పుకున్నది చిన్నబాపుతోనే. ఆయన మోటారు విప్పుతూ విని, తల ఊపాడు.

"నా కథ గూడ అంతేనే. కాలిన మోటర్లే నా దగ్గరికొస్తయి. ముప్పై ఏండ్ల సంది కాలినయే చూసిన. లోకంల మోటరంటె కాలిపోయేదే అనుకుంట నేను. పొలంల మంచిగ తిరిగేది నా కండ్ల పడదాయె."

"మరి ఏం చెయ్యాలె?"

"పోయి చూడాలె, తిరిగేదాన్ని. ఎవడు పోతడు?"

*

ఫిరోజ్ బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "మా సొంత బాధ్యతపై ఇంటికి తీసుకుపోతున్నాము" అని పైన అచ్చు వేసి ఉంది.

"నా లెక్కన గ్యాసే, మేడమ్. ఈసీజీ శుభ్రంగుంది. మీరు సంతకం పెడితే పంపిస్త," అన్నాడు. విరిగిన ఆ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. "ఎర్ర వచ్చినంక నేనైతె నా అంతట నేను పంపలేను. మీకు తెలుసు."

ఇందుమతి కలం తీసుకుంది. కాగితం మీద పేరు, చుట్టరికం, ఫోన్ నంబరు రాసింది. సంతకం దగ్గర ఆగింది.

పదివేల మందిలో నలుగురు. ఆ నలుగురిలో ఈయన ఉంటే? రేపు పొద్దున చిన్నమ్మ ఫోన్ చేస్తే? నీ మిషినే వద్దన్నది గదా, ఎట్ల పంపినవ్ అని అడిగితే? వందల సార్లు, వందల మంది ఇంటివాళ్ళ ముఖాల్లో ఆమె చూసి విసుక్కున్న భయం అదే. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి అది భయంలా కనిపించలేదు. ప్రేమలాగే ఉంది.

"ఏందే ఆలోచిస్తున్నవ్? పా, మూడింటి బస్సున్నది," అన్నాడు రాజనర్సు.

"మూడు రోజులే గద చిన్నబాపూ. జర ఉండు."

"నాకేం గాలే అన్న గదా."

"నాకోసం ఉండు."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఇక వాదించలేదు. ఆమె కోసమని అడిగినది ఆయన ఎన్నడూ కాదనలేదు. ఇందుమతి ఆ కాగితాన్ని మడిచి సంచిలో కంకుల పక్కన పెట్టుకుంది.

*

మగవాళ్ళ వార్డులో నలభై మంచాలు, మంచాల మధ్య మళ్ళీ చాపలు. రాజనర్సుకు గోడ వైపు మంచం దొరికింది. ధోవతి, చొక్కా విప్పించి ఆకుపచ్చ గౌను తొడిగారు. చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. లేవొద్దన్నారు. లేవొద్దన్నాక ఒంటికి పోవడానికి గొట్టం వేశారు. ఆరుగురు నర్సులు చేయాల్సిన పని ఇద్దరు చేస్తున్నారు, ఎవరినీ అనడానికి లేదు. పక్క మంచం మీది ముసలాయన ఎడతెగకుండా దగ్గుతుంటే నిద్ర పట్టడం లేదని చెబితే మాత్ర ఇచ్చారు.

నాగులపేట నుంచి చిన్నమ్మ సత్తెమ్మ వచ్చింది. మొదటి రోజు భర్తను చూసి నవ్వింది. "నలభై ఏండ్లల ఎన్నడన్న ఇట్ల పగటిపూట పండుకున్నవా?" అని ఆటపట్టించింది.

రెండో రోజు సాయంత్రం ఆయన సత్తెమ్మను గుర్తుపట్టలేదు. దుప్పటి అంచు పట్టుకుని వేళ్ళతో ఏదో చుడుతున్నాడు. ఇందుమతి దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గి వింది.

"రెండొందల పన్నెండు… రెండొందల పదమూడు…" లేని తీగను లేని మోటారుకు చుడుతున్నాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే విసుక్కున్నాడు. "లెక్క తప్పిస్తవ్. ఆగు. రైతు పొలం ఎండుతున్నది."

కొత్తచోట, గొట్టాలతో, మాత్రలతో ముసలివాళ్ళకు ఇలా మతి చెదరడం మామూలేనని ఇందుమతికి తెలుసు. ఇంటికి పోతే సర్దుకుంటుందనీ తెలుసు. ఫిరోజ్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇప్పుడు పంపియ్యండి. నేను సంతకం పెడత."

ఫిరోజ్ రాజనర్సు చేతికి మళ్ళీ పట్టీ కట్టి చూపించాడు. ఇప్పుడు వెయ్యిలో ఇరవై. ఇది యంత్రం అతిజాగ్రత్త కాదు. ఆయనకు నిజంగానే బాగాలేదు. జ్వరం మొదలైంది. మూత్రంలో చీము ఉంది.

"ఇప్పుడు ఇంటికి పంపితే తప్పు, మేడమ్," అన్నాడు ఫిరోజ్ మెల్లగా. "నిన్న పంపాల్సింది."

నాలుగో రోజు మధ్యాహ్నం సత్తెమ్మ అన్నం తేవడానికి కిందికి దిగిన పావుగంటలో ఆయన మంచం దిగాడు. తన మోటార్ల షాపు తెరవాలనుకున్నాడో ఏమో. గొట్టం కాలికి చుట్టుకుని పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేద్దామంటే అప్పటికే దగ్గు పట్టుకుంది, పక్క మంచం ముసలాయన దగ్గే. దానికి వార్డులో ఉన్న మందులేవీ పనిచేయలేదు. చివరి మూడు రోజులు వేళ్ళు చుట్టడం కూడా మానేశాయి.

పదమూడో రోజు ఉదయం, సత్తెమ్మ తడిగుడ్డతో ముఖం తుడుస్తుండగా పోయాడు.

*

అంత్యక్రియలయ్యాక మూడో రోజు ఇందుమతి ప్రయోగశాలకు వెళ్ళింది. ఎవరో కంకుల సంచి తీసి పారేశారు. కంప్యూటరు తెరిచి, ఆ వారం గడప నేర్చుకున్నవి చూసింది. పేర్ల వరుసలో కిందికి వెళ్ళింది.

రాజనర్సు, అరవై ఎనిమిది. సలహా: ఉంచండి. ఫలితం: మరణం. నిర్ణయం: సరైనది.

అంతకింద ఇంకో వరుస ఉంది. ఇంత తక్కువ ప్రమాదం ఉన్న మనిషి కూడా పోయాడు కాబట్టి, ఇలాంటి వాళ్ళను తాను తక్కువగా అంచనా వేస్తున్నానని యంత్రం అనుకుంది. అరవై దాటిన వయసు, రొమ్ములో మంట, ఈసీజీలో ఏమీ లేకపోవడం. అలాంటి వాళ్ళందరికీ అంకె పెంచుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి రాష్ట్రంలో ముప్పై మూడు ఆసుపత్రుల్లో, తిని తేన్చే ముసలివాళ్ళందరికీ తెర ఎర్రగా వెలుగుతోంది.

ఆమె ఆ వరుస మార్చాలనుకుంది. మరణ కారణం దగ్గర "ఆసుపత్రిలో చేరడం వల్ల" అని రాయడానికి గడి లేదు. కొత్త గడి చేసింది. కానీ అందులో ఏది నింపాలన్నా వైద్యం చేసిన డాక్టరు సంతకం కావాలి. ఫిరోజ్ దగ్గరికి కాగితం తీసుకువెళ్ళింది.

అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది నిజమే, మేడమ్. కాదనను. కానీ ఇట్ల రాస్తే నేను చంపిన అని రాసినట్టు. రేపు ప్రతి ఇంటివాళ్ళు ఇదే కాగితం పట్టుకొని వస్తరు. ఒకసారి చెయ్యి విరిగింది నాది." కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "మాఫ్ చెయ్యండి."

అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు.

తర్వాతి వారం పద్మావతి గారి గదిలో సమావేశం పెట్టించింది. గడపను ఆపేద్దామని అడిగితే, ఆపిన మర్నాడు ఒక్కరు పోయినా ఎందుకు ఆపారని అడుగుతారనీ, ఎలాగూ యంత్రం లేకపోతే డాక్టర్లు అందరినీ చేర్చుకుంటారనీ అన్నారు. అది నిజమే. అప్పుడు ఇందుమతి అసలు మాట చెప్పింది.

"దీనికి రెండో వైపు చూపించాలి, మేడమ్. ఎరుపు వచ్చిన వాళ్ళలో, ప్రమాదం అతి తక్కువగా ఉన్నవాళ్ళలో, వందకు ఒకరిని చీటీ తీసి ఇంటికి పంపుదాం. రోజూ నర్సు వెళ్ళి చూసొస్తుంది. ఒక ఏడాది చేస్తే, ఇంట్లో ఉంటే ఎంతమంది బతుకుతారో, ఇక్కడ పెట్టి ఎంతమందిని పోగొట్టుకుంటున్నామో దానికి తెలుస్తుంది. మనకూ తెలుస్తుంది."

గదిలో పదకొండు మంది ఉన్నారు. అందరూ ఆమె బాధ తెలిసినవాళ్ళే. ఎవరూ ఎగతాళి చేయలేదు. పద్మావతి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"లెక్క సరిగ్గానే ఉంది. ఒక్కటి చెప్పు. ఆ రోజు చీటీలో మీ చిన్నాన్నగారి పేరు వస్తే పంపేదానివా?"

ఇందుమతి నోరు తెరిచింది. పంపేదాన్ని అని చెబితే చాలు. ఆ గదిలో ఒకరిద్దరైనా చెయ్యెత్తేవాళ్ళు. కానీ చిన్నబాపు "మూడింటి బస్సున్నది" అని లేచి నిలబడ్డ తీరు కళ్ళ ముందు ఆడింది. ఆయన గురించి అబద్ధం చెప్పలేకపోయింది.

"పంపేదాన్ని కాదు," అంది.

ఎవరో ఫైలు మూశారు. టీ తెచ్చిన అమ్మాయికి కప్పులు తిరిగి ఇచ్చి, అందరూ లేచారు.

*

నెల గడవకముందే సత్తెమ్మ అత్యవసర విభాగం వరుసలో కనిపించింది. తెలిసినవాళ్ళెవరో వచ్చి చెబితే ఇందుమతి మెట్లు దిగి వెళ్ళింది. బయట ఆటోస్టాండు దాకా జనం ఉన్నారు. వరుసలో నాగులపేట వాళ్ళు ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు. రాజనర్సుకు ఏమీ లేనట్టే ఉండిందనీ, యంత్రం మాత్రం ముందే పసిగట్టిందనీ ఊరంతా చెప్పుకుంటున్నారట.

సత్తెమ్మ చేతిలో బట్టల సంచి ఉంది. ఉండడానికే వచ్చింది.

"ఏమైంది చిన్నమ్మా?"

"కండ్లు తిరుగుతున్నయే. ముద్ద దిగుతలేదు. గుండె దడదడ కొట్టుకుంటది."

భర్త పోయి ఇరవై ఏడు రోజులు. సరిగ్గా తిని, నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఇందుమతి ఆమెను వరుసలోంచి పక్కకు తీసుకుపోయి, గోడకు ఆనుకున్న బల్ల మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నబాపుకు ఆ రోజు ఏమీ లేదని. కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మూడింటి బస్సుకు ఇంటికొచ్చేవాడని. మంచం, గొట్టం, మాత్ర, పక్కాయన దగ్గు, ఇవే ఆయనను తీసుకుపోయాయని. యంత్రం చేసింది తానేననీ, ఆయన చేతికి పట్టీ కట్టించింది తానేననీ, ఉండమన్నదీ తానేనని.

సత్తెమ్మ అంతా విన్నది. విని, ఇందుమతి బుగ్గ మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఎంత కుములుతున్నవో నాకెరుక. నీదేం తప్పు లేదు బిడ్డా. నీ మిషిన్ చెప్పబట్టి పదమూడు రోజులన్న మా కండ్ల ముందర ఉన్నడు. ఇంటికి తోలుకపోతే ఆ రాత్రే పోతుండె."

"కాదు చిన్నమ్మా. ఇంకా ఇరవై ఏండ్లు ఉంటుండె."

"ఉండేటోడైతే పోతడా?"

నర్సు వచ్చి సత్తెమ్మ ముంజేతికి పట్టీ కట్టింది. సత్తెమ్మ ఎవరూ చెప్పకుండానే గొట్టం నోట్లో పెట్టుకుని బుద్ధిగా ఊదింది. పది నిమిషాలకు తెర ఎర్రబడింది. ఇందుమతి లోపలి అంకె చూసింది. పదివేల మందిలో ఇద్దరు.

"నీకేం లేదు చిన్నమ్మా. నిద్ర లేక, తిండి లేక. ఇంటికి పోదాం పా. నేను నీ దగ్గరే ఉంటా, నెల రోజులు."

"మీ చిన్నబాపుకు గూడ ఏం లేదనే అన్నవ్ గదనే ఇప్పుడు," అంది సత్తెమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది. ఎర్ర వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది, ఆ కళ్ళల్లో భయం చిన్నపిల్లల భయంలా ఉంది. "నాకు భయమైతుందే. పంపకు."

ఫిరోజ్ బల్ల అవతల నుంచి చూస్తున్నాడు. సొరుగు సగం తెరిచి పట్టుకున్నాడు, కాగితం అడిగితే ఇద్దామని. వెనక వరుసలో ఎవరో ముసలాయన తేన్చాడు, ఆయన కొడుకు వెంటనే ఆయన రొమ్ము మీద చెయ్యి వేశాడు.

ఇందుమతి అలాగే నిలబడింది. ఒక అడుగు బల్ల వైపు వేయాలి, కలం తీసుకోవాలి, పేరు రాయాలి. పదివేల మందిలో ఇద్దరు.

"ఏ వార్డు, మేడమ్?" అని అడిగాడు ఫిరోజ్ చివరికి.

"ఆడవాళ్ళది," అంది ఇందుమతి. "కిటికీ పక్కన ఏమన్నా ఖాళీ ఉందా చూడండి."

లేదన్నాడు. నేల మీద చాప వేయిస్తానన్నాడు. ఆమె చిన్నమ్మ చేతిలోని బట్టల సంచి అందుకుని ముందు నడిచింది.